మూసుకున్న జవారి

జూన్ 9

రక్తపరీక్ష రిపోర్టు తెచ్చుకున్నాను. పోయినసారి కంటే అంకె పెరిగింది. డాక్టర్ ఖరే కాగితాన్ని ముక్కు దాకా తెచ్చుకుని చూసి, కొంచెం ఎక్కువుంది, కంగారు పడాల్సిందేం లేదు, అదే మాత్ర వాడు యాసీన్‌భాయ్ అన్నారు. మెడలో ఉన్న థైరాయిడ్ గ్రంథి బద్ధకించిందట, బద్ధకించేకొద్దీ ఈ అంకె పెరుగుతుందట, అది చేయాల్సిన పని ఈ మాత్ర చేస్తుందట. కొన్నేళ్లుగా వాడుతున్నాను. గ్రంథి బద్ధకం నాకు అంటుకుంది కానీ మాత్ర చురుకు మాత్రం అంటుకోలేదు.

బాధలేమిటో చెప్పమన్నారు. చలి అన్నాను. పొద్దున లేస్తే వేళ్లు తిమ్మిరి, మొహం ఉబ్బు, కూర్చుంటే కునుకు అన్నాను. ఇంకేమైనా ఉందా అన్నారు. ఇంకేం లేదన్నాను.

ఇంకేం లేదు.

జూన్ 12

దస్తగీర్ భోజనానికి వచ్చాడు. తమ్ముడైనా వాడి నోటికి తాళం లేదు. "ఇది ఆడవాళ్ల జబ్బు కదా భాయ్. భాభీకి రావలసిన పార్సిల్ పొరపాటున నీకిచ్చి పోయినట్టున్నారు" అన్నాడు.

జైతూన్ రొట్టె పళ్లెంలో పడేస్తూ, "నాకే వచ్చి ఉంటే ఈపాటికి నయం చేయించుకుని ఉండేదాన్ని. మీ అన్న డాక్టరు దగ్గరికి వెళ్లి సగం చెప్పి వస్తాడు, సగం కడుపులో పెట్టుకుని వస్తాడు" అంది.

మా అమ్మాయి షమీమ్ నవ్వలేదు. పిల్ల ఈ మధ్య నవ్వడం తగ్గించింది. పెళ్లి సంబంధం గురించి ఏమైనా బెంగేమో. జైతూన్‌ని అడగాలి.

జూన్ 20

వాన. తంబూరా తెరుచుకోవడం లేదు.

తీగలు ఆనుకునే ఎముక పలకని ఆకురాయితో అరగదీస్తూ, తీగ కింద నూలుపోగు జరుపుతూ పోతే ఒక చోట నాదం విచ్చుకోవాలి. తేనెతుట్టె కదిలినట్టు తీగ పొడవునా గుంయిమనాలి. అదే జవారి. మా తాతా అదే పని, అబ్బా అదే పని, మీరజ్‌లో మా వీధంతా అదే పని. పలక మీద ఒక్క రాపిడి ఎక్కువైతే నాదం చెదిరిపోతుంది, తక్కువైతే మూసుకునే ఉంటుంది. ఇవాళ పొద్దుటినుంచి మూసుకునే ఉంది.

గాలిలో తేమ ఎక్కువ. ఈ కాలంలో ఇంతే.

జూన్ 24

ఈసారి వచ్చిన ఎముక నాసిరకం. పలక నున్నగా రావడం లేదు.

జూన్ 27

తీగలు కూడా నాసిరకమే. దుకాణం మార్చాలి.

జూలై 3

పూణే నుంచి ఇర్ఫాన్ ఫోన్ చేశాడు. మా అక్క కొడుకు, కంప్యూటర్లలో పని చేస్తాడు, ప్రపంచంలో ఎవరికి ఏ జబ్బున్నా చదివి పెట్టుకుంటాడు. మీరు వాడే మాత్రలో ఒక్క హార్మోనే ఉంటుంది మామూ, విదేశాల్లో రెండూ ఉన్న మాత్ర దొరుకుతుంది, అది వాడి లేచి తిరుగుతున్నవాళ్లు ఎందరో ఉన్నారు, తెప్పిస్తాను అన్నాడు. అది జంతువు గ్రంథిని ఎండబెట్టి చేస్తారట.

జైతూన్ ఫోన్ లాక్కుని ఏ జంతువు అని అడిగింది. వాడు ఏదో గొణిగాడు. జైతూన్ ఫోన్ నా చేతిలో పెట్టి, "పంది" అని వంటింట్లోకి వెళ్లిపోయింది. మందుగా అయితే తప్పు లేదంటారు కొందరు మౌల్వీలు అని వాడు ఇంకా చెబుతున్నాడు. నేను పెట్టేశాను.

పెట్టేశాను కానీ, రెండు హార్మోన్లు అన్న మాట మాత్రం పోవడం లేదు. నాకు తక్కువైంది ఆ రెండోదేనా? డాక్టర్‌ని అడగాలి. అడిగితే ఎందుకు అంటారు. అప్పుడేం చెప్పాలి?

జూలై 8

నీలాంబరీ తాయి సాంగ్లీ నుంచి స్వయంగా వచ్చి తంబూరా తీసుకెళ్లింది. పాతికమందికి పాట నేర్పే మనిషి, ఊరికే మెచ్చుకోదు. తంబూరాని ఒడిలో పెట్టుకుని ఒక్కసారి మీటి కళ్లు మూసుకుంది. "యాసీన్‌భాయ్, ఇంత వానలో ఇలా ఎలా తెరిచారు?" అంది.

మనసు తేలికైంది. ఎవరికి ఏ అనుమానం ఉన్నా తీరిపోయి ఉంటుంది. ఎవరికీ అనుమానం లేదు. నాకే.

ఇక నాకూ లేదు.

జూలై 11, శుక్రవారం

నమాజుకు బయల్దేరి టోపీ మరిచిపోయి వెనక్కి వచ్చాను.

జూలై 12

పని లేదు. పడుకున్నాను.

జూలై 14

రాయకపోతే ఊపిరాడేట్టు లేదు.

శుక్రవారం టోపీ కోసం వెనక్కి వచ్చినప్పుడు వర్క్‌షాపు తలుపు ఓరగా వేసి ఉంది. లోపల షమీమ్. పొద్దున నేను పూర్తయిందని గోడకు ఆనించిన తంబూరా ఆమె ముందు పడుకుని ఉంది. తీగలు వదులు చేసి పక్కకు లాగి, పలక మీద ఆకురాయి నడుపుతోంది. నా ఆకురాయి. రెండు రాపిళ్లు, తీగ బిగింపు, ఒక మీటు, మళ్లీ రాపిడి. ఆమె చేతికి తడబాటు లేదు. ఆ చెయ్యి మొదటిసారి చేస్తున్న చెయ్యి కాదు.

గుమ్మంలో నిలబడ్డాను. ఆమె మీటింది. నాకు ముందు ఎలా వినిపించిందో ఇప్పుడూ అలాగే వినిపించింది. ఆమె మాత్రం తల ఊపుకుంది, బాగుపడిందన్నట్టు.

టోపీ తీసుకోకుండానే వెళ్లిపోయాను. జేబురుమాలు తలకు కట్టుకుని నమాజు చేశాను. ఏం చదివానో నాకు తెలియదు.

జూలై 15

అడిగాను. జైతూన్ బజారుకు వెళ్లాక, షమీమ్‌ని వర్క్‌షాపులో కూర్చోబెట్టి అడిగాను. కోపంగా అడగాలనుకున్నాను. నా గొంతు ఈ మధ్య బొంగురుపోయి కోపం కూడా సరిగా పలకడం లేదు.

ఎప్పటినుంచి అన్నాను.

"రంజాన్ ముందునుంచి అబ్బా."

అన్నీనా అంటే, అన్నీ కాదు, కొన్ని బాగానే ఉండేవి అంది. తర్వాత తల దించుకుని, ఈ మధ్య అన్నీ అంది. నీలాంబరీ తాయి తంబూరా కూడానా అని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఇంకెవరికి తెలుసు అన్నాను. చాచాకు తెలుసు అంది. మీ అమ్మీకి? తెలుసు. మరి నాకెందుకు చెప్పలేదు?

"మీకు తెలుసనుకున్నాను. తెలిసి ఊరుకుంటున్నారనుకున్నాను."

నీకెలా తెలిసింది, నేనెప్పుడూ ఎవరితోనూ అనలేదే అన్నాను. అప్పుడు చెప్పింది. "ఇదివరకు మీరు మీటేటప్పుడు ఎటో చూసేవారు. ఇప్పుడు తీగని చూస్తున్నారు. కదులుతోందా లేదా అని."

ఇన్నాళ్లూ ఈ పుస్తకంలో కూడా రాయలేదు. ఇవాళ రాస్తున్నాను. నా చెవి పోతోంది. మాటలు వినబడతాయి, బండ్లు వినబడతాయి, అజాన్ వినబడుతుంది. నాదం పైన సన్నగా ఉండే ఆ చివర, దారంలాంటిది, అది వినబడడం లేదు. దూది పెట్టుకున్నట్టు. వానా కాదు, ఎముకా కాదు.

జూలై 17

ఏం చేయాలో తోచడం లేదు.

ఖరేకి చెప్పాలా? ఆయన దగ్గర ఎప్పుడూ మా వీధివాళ్లు ఇద్దరు ముగ్గురు కూర్చుని ఉంటారు. కాంపౌండర్ మా వీధి అల్లుడు. జవారి పట్టేవాడి చెవి పోయిందన్న మాట ఒక్కసారి బయటపడితే ఇక నా గుమ్మం ఎవరూ తొక్కరు. చలి అని చెప్పుకోవచ్చు, నిద్ర అని చెప్పుకోవచ్చు. చెవి అని చెప్పుకోలేను.

వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లాలా? మీరజ్‌లో సందుకో ఆస్పత్రి. కానీ మా అబ్బా ఆఖరి రోజుల్లో ఖరే రోజూ ఇంటికి వచ్చి చూసిపోయారు. ఆయన్ని కాదని ఇంకో చోటికి వెళితే, నీ చేత కావడం లేదని మొహం మీద అన్నట్టే.

ఇర్ఫాన్ మాత్ర తెప్పించుకుంటే? జైతూన్‌కు చెప్పకుండా?

అసలు ఇది థైరాయిడ్ వల్లేనా? వయసు వల్ల అయితే? ఏళ్ల తరబడి చెవి దగ్గర తీగలు మీటినందువల్ల అయితే? ఇంత అంకెల కాగితాలున్నాయి, ఒక్కదానిలోనూ చెవి అన్న మాట లేదు. నేను చెబితే కదా ఉండేది.

జూలై 18

దస్తగీర్ ఎదురుపడితే పక్కకు తిరిగాను. వాడు వెనకే వచ్చి, "నన్ను తిట్టు భాయ్, పిల్లని మాత్రం ఏమనకు. అది చేయకపోతే ఈ వానాకాలంలోనే పరువు పోయి ఉండేది" అన్నాడు.

వీడు వేళాకోళం ఆడకుండా మాట్లాడితే భయం వేస్తుంది.

జూలై 19

జైతూన్ మాట్లాడడం లేదు. నేను మాట్లాడడం లేదు. ఎవరు ముందు మానేశారో గుర్తు లేదు.

జూలై 22

ఖరే దగ్గరికి జైతూన్ తీసుకెళ్లింది. తీసుకెళ్లింది అనే రాయాలి, నేను వీధి మొగలో రెండుసార్లు వెనక్కి తిరిగాను.

కాంపౌండర్‌ని మందులు తెమ్మని బయటకు పంపేదాకా నోరు విప్పలేదు. తర్వాత చెప్పాను. ఖరే చేతిలోని పెన్ను బల్ల మీద పెట్టేశారు.

"చెవి సంగతి నాకు ఇప్పుడా చెప్పడం?"

తప్పయిందన్నాను. ఆయన చాలాసేపు పాత కాగితాలు తిరగేశారు. ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశారు. కోప్పడతారనుకున్నాను. కోప్పడ్డారు కూడా, కానీ నా మీదో తన మీదో తేలలేదు. ఈ అంకె ఏడాదిగా ఎక్కుతూనే ఉంది, నీకు చలి తప్ప ఏం లేదన్నావని నేను దీన్ని వదిలేశాను అన్నారు. వేరే డాక్టర్ని చూడాలనుకుంటున్నానని చెప్పడానికి నేను దారిలో మాటలు కూర్చుకుని వెళ్లాను. అవేవీ అక్కర్లేకపోయాయి. ఆయనే చీటీ రాసిచ్చారు, హార్మోన్ల డాక్టరమ్మకి ఒకటి, చెవి డాక్టరుకి ఒకటి.

లేచేటప్పుడు భుజం మీద చెయ్యి వేసి, ఆవిడ ఏం చెప్పిందో వచ్చి నాకు చెప్పు యాసీన్ అన్నారు. భాయ్ అనలేదు. అబ్బా ఉన్న రోజుల్లో అలా పిలిచేవారు.

జూలై 25

చెవి పరీక్ష. గాజు గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. చాలాసేపు ఏమీ వినబడలేదు. మిషను ఆపేశారనుకుని తల తిప్పి చూశాను. ఆపలేదు.

జూలై 29

హార్మోన్ల డాక్టరు, మృదులా నాడ్‌గౌడా. వయసు తక్కువ, మాట మెత్తన, ప్రశ్నలు పోలీసులవి. మాత్ర ఎప్పుడు వేసుకుంటారు అంది. పొద్దున్నే, ఒక్క రోజు కూడా మానను అన్నాను కొంచెం గర్వంగానే. దేంతో అంది.

చాయ్‌తో.

జైతూన్‌కు అప్పటిదాకా ఆపుకున్నదంతా వచ్చేసింది. "చాయ్‌తోనే కాదు మేడం. గ్యాస్ మాత్ర, ఎముకలకు నేనిచ్చే కాల్షియం మాత్ర, ఇది, మూడూ అరచేతిలో పోసుకుని ఒక్క గుటకలో మింగుతాడు. పనైపోతుందంటాడు."

డాక్టర్ తలపట్టుకోలేదు కానీ పట్టుకున్నంత పని చేసింది. పాలు, కాల్షియం, ఆ గ్యాస్ మాత్ర, అన్నీ కలిసి ఈ మందుని ఒంట్లోకి సరిగా పోనివ్వవట. నేను రోజూ వేసుకున్న మాత్రలో ఎంత ఒంటికి పట్టిందో దేవుడికే తెలియాలి అంది. నిద్ర లేవగానే ఉత్త నీళ్లతో వేసుకోవాలి. గంట దాకా చాయ్ లేదు. కాల్షియం మధ్యాహ్నం దాటాక. గ్యాస్ మాత్ర అసలు అవసరమా అన్నది ఖరేనే చూడమంది. మాత్ర బలం కూడా కొంచెం పెంచింది.

రెండు హార్మోన్ల మాత్ర గురించి అడిగాను. పంది సంగతి చెప్పలేదు. అయినా ఆవిడకి తెలిసినట్టుంది, పెదవి బిగబట్టి నవ్వు ఆపుకుంది. ముందు ఒక్కదాన్ని సరిగా వేసుకుని చూద్దాం, అప్పటికీ బాగు లేకపోతే ఆ మాట మాట్లాడదాం, మీ అంతట మీరు ఏదీ తెప్పించుకోవద్దు అంది.

ఇక అసలు ప్రశ్న నేను అడగలేకపోయాను. జైతూనే అడిగింది, చెవి వస్తుందా అని.

"కొందరికి కొంత వస్తుంది. కొందరికి రాదు. ఈయనకి వయసు వల్ల ఎంత పోయిందో దీనివల్ల ఎంత పోయిందో ఇప్పుడే విడదీసి చెప్పలేను. వస్తుందని నేను మాట ఇవ్వను."

మాట ఇవ్వని డాక్టర్ని మొదటిసారి చూశాను. నమ్మాలో భయపడాలో తెలియలేదు.

ఆగస్టు 6

చాయ్ లేని గంట. షమీమ్ తాగుతుంటే వాసన చూస్తూ కూర్చుంటాను. జైతూన్ కూడా నాతో పాటు ఆగుతోంది, ఎందుకంటే చెప్పదు.

ఆగస్టు 13

ఇవాళ మాత్ర వేసుకున్నానో లేదో గుర్తు రాలేదు. వేసుకున్నట్టే ఉంది, కానీ అది నిన్నటి జ్ఞాపకమేమో. మళ్లీ వేసుకున్నాను. షమీమ్ వచ్చి, వేసుకున్నారుగా అబ్బా, నేనే నీళ్లిచ్చాను అంది. అప్పటినుంచి గుండె దడ. మందు వల్లో భయం వల్లో తెలియదు. ఫోన్ చేస్తే డాక్టర్ నవ్వి, ఒక్కసారికి ఏం కాదు, అలవాటు మాత్రం చేసుకోవద్దు అంది. జైతూన్ వారానికి సరిపడా గళ్లున్న డబ్బా కొనుక్కొచ్చింది.

ఆగస్టు 21

ఏ మార్పూ లేదు.

ఆగస్టు 22

ఏ మార్పూ లేదు. ఇర్ఫాన్‌కు ఫోన్ చేద్దామనుకున్నాను. చేశాను కూడా. వాడు ఎత్తేలోగా పెట్టేశాను.

సెప్టెంబర్ 7

దుప్పటి లేకుండా పడుకున్నానట. జైతూన్ చెబితే తెలిసింది.

సెప్టెంబర్ 19

అంకె సగానికి పైగా దిగింది. ఇంకా దిగాలట, మాత్ర మళ్లీ కొంచెం పెంచింది. ఖరేకి చూపిస్తే సొంత కొడుకు పాసైనట్టు కాగితం కాంపౌండర్‌కి కూడా చూపించారు. ఖరే దగ్గర ఇక దాచేదేం లేదు.

మొహం ఉబ్బు తగ్గింది, వేళ్ల తిమ్మిరి తగ్గింది. మెట్లెక్కి వచ్చి కూర్చుంటే కునుకు రావడం లేదు. ఇవన్నీ బాగుపడుతున్నాయి. నేను అడిగింది ఇవి కాదు. తంబూరా ముందు కూర్చుంటే ఇంకా దూదే.

జైతూన్‌తో అన్నాను, ఒళ్లంతా వచ్చి చెవి ఒక్కటీ రాకపోతే ఎలా అని. ఆమె బియ్యం ఏరుతూ, "ఒళ్లు వచ్చినందుకు నేను సంతోషంగా ఉన్నాను. ఆ మాట నీకు వినబడుతోందా?" అంది.

సెప్టెంబర్ 24

ఒక నిర్ణయం తీసుకున్నాను. తప్పో ఒప్పో తెలియదు.

నవరాత్రి కచేరీల పని ఎక్కువగా ఉంది. ఇకనుంచి షమీమ్ నేను లేనప్పుడు దొంగచాటుగా చేయనక్కర్లేదు. నా పక్కనే పీట వేశాను, వీధి వైపు. దారిన పోయేవాళ్లు చూస్తున్నారు. ఆడపిల్ల చేతికి ఆకురాయి ఇస్తే వచ్చేవాళ్లు రారు భాయ్ అన్నాడు దస్తగీర్. ఇన్నాళ్లూ వాళ్లు తీసుకెళ్లింది ఎవరి చేతిది అన్నాను. వాడు నోరు మూసుకున్నాడు. వాడి నోరు మూయించగలిగినందుకు కాసేపు బాగా అనిపించింది.

తర్వాత షమీమ్ వైపు చూశాను. వీధంతా చూస్తుంటే పిల్ల చెవులు ఎర్రగా కందిపోయాయి. తల మాత్రం ఎత్తలేదు, పని ఆపలేదు.

అక్టోబర్ 16

ఇవాళ కాసేపు ఏదో వినబడినట్టయింది. తర్వాత లేదు. అనుకోవడం వల్లేమో. రాయకుండా ఉండాల్సింది.

నవంబర్ 1

రెండోసారి చెవి పరీక్ష. కాగితం మీది గీత కొంత పైకి వచ్చింది, సన్నటి శబ్దాలుండే చివరన మాత్రం కిందే ఉంది. ఆ చివర ఇక రాకపోవచ్చు అన్నారు. మీ పనికి ఇది సరిపోతుందా అని చెవి డాక్టర్ అడిగాడు. నాకే తెలియదు, ఆయనకేం చెప్పను?

నవంబర్ 5

నీలాంబరీ తాయికి జోడు తంబూరాలు కావాలి. ఇద్దరు శిష్యురాళ్లు వెనక కూర్చుని మీటడానికి. ఒకే చెట్టు కర్ర, ఒకే పంట సొరబుర్రలు. ఒకదానికి నేను జవారి పట్టాను, ఒకదానికి షమీమ్ పట్టింది. ఇవాళ రెండూ పూర్తయ్యాయి.

మధ్యాహ్నం వీధి కాస్త సద్దుమణిగాక తలుపు వేసుకుని ఒక్కడినే కూర్చున్నాను. ముందు షమీమ్‌ది మీటాను. నాలుగో తీగ, మంద్ర షడ్జం. నాదం విచ్చుకుంది. ఆగిపోతుందనుకున్న చోట ఆగలేదు. ఆ షడ్జం లోపలినుంచి, ఎవరూ మీటని గాంధారం, దానంతటదే పైకి లేచింది. సన్నగా, కానీ ఉంది. మళ్లీ మీటాను. ఉంది. ఏడాదికి పైగా అది నాకు వినబడలేదు. కళ్లు తడిసి తీగలు కనబడలేదు.

అప్పుడు నాది మీటాను.

గాంధారం ఉంది. కానీ తెర వెనక ఉన్నట్టు ఉంది. చెవి మళ్లీ మోసం చేస్తోందనుకున్నాను. మళ్లీ షమీమ్‌ది. మళ్లీ నాది. తంబూరాల చోటు మార్చాను, నేను చోటు మారి కూర్చున్నాను. చివరికి దస్తగీర్‌ని పిలిచి, నా వెనక కూర్చుని ఏది మీటుతున్నావో చెప్పకుండా మీటమన్నాను. ప్రతిసారీ చెప్పగలిగాను. వాడు నా వీపు మీద ఒక్కటి చరిచి వెళ్లిపోయాడు. వాడికి తెలిసింది నా చెవి వచ్చిందని. నాకు ఇంకొకటి కూడా తెలిసింది.

చెవిది కాదు తప్పు. పిల్లది నా కంటే బాగుంది.

సంతోషపడాలి కదా. పడ్డాను కూడా. దాని అడుగున ఇంకేదో ఉంది, దానికి పేరు తెలియదు. చెవి రాకపోయి ఉంటే ఈ సంగతి తెలిసేది కాదన్న ఆలోచన వచ్చింది, వచ్చినందుకు సిగ్గుపడ్డాను.

నీలాంబరీ తాయి రేపు వస్తుంది. రెండూ ఒక్క తీరుగా పలకాలి. షమీమ్‌ది కొంచెం మూసి నా దానితో కలపవచ్చు. అలా చేస్తే ఎవరికీ తెలియదు. ఆకురాయి చేతిలోకి తీసుకున్నాను కూడా.

షమీమ్ చాయ్ తెచ్చింది. నేను జరిగి, నా తంబూరా తీగలు వదులు చేసి, పీట ఆమె వైపు తోశాను. ఆకురాయి ఆమె చేతిలో పెట్టాను.

"ఇది బాగానే ఉంది కదా అబ్బా" అంది, నా మొహం చూడకుండా. ఇన్నాళ్లుగా నా కోసం అలవాటు చేసుకున్న గొంతు అది.

"లేదు. నేను విన్నాను. కూర్చో."